అన్న ఒల్లనన్నాడు, నేను సంతకం పెట్టాను

మొన్న ఒక పెళ్ళి భోజనంలో వడ్డించే ఆమె లడ్డూల పళ్ళెం పట్టుకొని వస్తే, విస్తరికి చేయి అడ్డం పెట్టి "ఒల్ల బిడ్డా" అన్నాను. ఆమె నవ్వి రెండు వేసి పోయింది. తప్పు ఆమెది కాదు. ఆ మాట ఆమె ఎన్నడూ విని ఉండదు. వద్దంటే ఆగేది. నో అంటే ఇంకా తొందరగా ఆగేది. మా ఇంట్లో రోజుకు ఇరవై సార్లు మోగిన మాట, ఇప్పుడు సికింద్రాబాద్ అంతా తిరిగినా ఒక్క నోట వినబడదు.

నాకు కోపం వస్తుంది. ఎందుకు రాకూడదు? మోటు మాట అని బడిలో కొట్టి మాన్పించారు. అదే మాట పాత పద్యంలో కనబడితే ఎంత చక్కని తెలుగు అని తలలూపారు. నేను బడికి పోయింది ఐదో తరగతి దాకానే. అంతలోనే ఈ మాట అన్నందుకు వేళ్ళ మీద స్కేలు దెబ్బ తిన్నాను. "ఇష్టం లేదండీ అనాలి" అన్నారు పంతులు గారు. ఆ రెండూ ఒకటి కావని చెప్పే తెలివి అప్పుడు లేదు. తెలివి వచ్చాక, చెప్పి తీరవలసిన చోట చెప్పలేకపోయాను. ఇప్పుడు రాస్తున్నది ఆ సంగతే.

బడి మానేశాక నేను చదివినదంతా పొట్లాల కాగితాల్లో, గ్రంథాలయం బల్ల మీద, ఇంట్లో దీపం దగ్గర చదివినదే. నిఘంటువులూ చూశాను. ఒల్లకపోవడం అంటే ఇష్టం లేకపోవడం అని ఒక్క ముక్కలో తేల్చేసి పక్క మాటకు పోతాయి. అంత తేలికా? వద్దు అనేది ఎదుటివాళ్ళ చేతిని ఆపే మాట. ఇష్టం లేదు అనేది కూర్చొని ఆలోచించుకొని చెప్పే మాట, దానికి కారణం అడగవచ్చు, నచ్చజెప్పి మార్పించవచ్చు. ససేమిరాలో పంతం ఉంది, నలుగురూ చూస్తుంటే తప్ప పంతానికి రుచి లేదు. ఒల్లకు చూసేవాళ్ళు అక్కర లేదు, కారణమూ అక్కర లేదు. లోపలి మనిషి రానంటున్నాడు, అంతే. ఎందుకు రానంటున్నాడో ఆ మనిషికే తెలియదు.

ఇది నాకు ఏ పుస్తకమూ నేర్పలేదు. మా అన్న నేర్పాడు.

అన్న నాకంటే ఆరేళ్ళు పెద్ద. నాలుగేళ్ళ వయసులో తలకు జ్వరమెక్కి నెల రోజులు దవాఖానలో ఉన్నాడట. ఒళ్ళు కోలుకుంది, బుద్ధి మాత్రం అక్కడే నిలిచిపోయింది. పది పదిహేను మాటలు మిగిలాయి. తమ్మి ఒకటి, అన్నం ఒకటి, నీళ్ళు ఒకటి. అన్నిటికంటే ఎక్కువ వాడింది ఒల్ల. కొత్త అంగీ తొడగబోతే పొట్టిగా, ఈగను తోలినట్టు ఒకటి అనేవాడు. స్నానానికి పిలిస్తే సాగదీసి ఒకటి. దానికి బెల్లం ముక్క చూపిస్తే సరిపోయేది. ఎవరైనా చుట్టం వచ్చి తల నిమరబోతే గొంతులో గురకలాంటిది ఒకటి. ఇవన్నీ మాకు అలవాటే. మేము భయపడేది ఒక్కదానికి. నేల మీద చతికిలబడి, మన ముఖం చూడకుండా, ఎటో చూస్తూ చాలా మెల్లగా అనేవాడు. అది అన్నాడంటే ఇక బెల్లం లేదు, బెదిరింపు లేదు. పొద్దు కుంకే దాకా అక్కడే కూర్చునేవాడు.

బన్సీలాల్‌పేట్‌లో మా ఇల్లు. మెట్లబావి అప్పుడు చెత్తతో పూడిపోయి ఉండేది, అటు ఎవరూ పోయేవారు కాదు. మా సందు మొదట్లో ఒక వడ్రంగి మేస్త్రీ దుకాణం ఉండేది. అన్నకు అది ఆఫీసు. పొద్దున తొమ్మిదికి పోయి, పాత చెక్కల నుంచి ఊడదీసిన వంకర మేకులు రాయి మీద పెట్టి చిన్న సుత్తితో సాపు చేసేవాడు. సాయంత్రానికి ఒక డబ్బా నిండేది. మేస్త్రీ మా ఇంటి గడపలో నిలబడి ఒకసారి అన్నాడు, "నా కాడ పనిచేసేటోళ్ళల్ల తాగకుంట వచ్చేది మీ అన్న ఒక్కడే."

మా అమ్మ ఉన్నంత కాలం అన్నకు ముద్ద కలిపి పెట్టేది అమ్మే. అమ్మ పోయిన రెండో రోజు నా చేయి పట్టుకొని కంచంలో పెట్టాడు. అప్పటి నుంచి ఆ పని నాది. ఎవరూ అప్పజెప్పలేదు. నా భార్య వచ్చిన తర్వాత ఎంత ప్రేమగా కలిపి పెట్టినా నోరు తెరిచేవాడు కాదు. ఆమె చేసిన కూరే, ఆమె వార్చిన అన్నమే, కానీ చేయి నాది కావాలి. పొద్దున ఎనిమిదికి ఒకసారి, సాయంత్రం నేను పని నుంచి వచ్చాక ఒకసారి. మధ్యాహ్నం మేస్త్రీ ఇచ్చే చాయ్, బన్ను. ఆ బన్ను మేస్త్రీ చేతి నుంచి ఎందుకు తీసుకునేవాడో, నా భార్య చేతి ముద్ద ఎందుకు ఒల్లడో చెప్పగలిగిన పండితుడు ఉంటే నా ముందుకు రమ్మనండి.

నేను ఒక సర్కారు ఆఫీసులో అటెండర్ని. రికార్డు గది నా చేతిలో ఉండేది. కాగితాలకు రంధ్రాలు వేయడం, ట్యాగు దారం గుచ్చి ఫైలు కట్టడం, బీరువాల్లో వరుస తప్పకుండా పెట్టడం. మా ఆఫీసులో అటెండర్లకు స్టూళ్ళు, గుమాస్తాలకు కుర్చీలు. పద్నాలుగేళ్ళు స్టూలు మీద కూర్చున్నాను. వీపు ఆనించుకోవడానికి వెనక ఏమీ ఉండదు. ఆ స్టూలు మీద కూర్చునే ప్రైవేటుగా మెట్రిక్ చదివాను, రెండుసార్లు తప్పి మూడోసారి గట్టెక్కాను. తర్వాత డిపార్ట్‌మెంట్ పరీక్ష. నాకంటే పదేళ్ళు చిన్నవాళ్ళ పక్కన కూర్చొని రాశాను. కాగితాలు కట్టే నా చేతులతో నా పేరు ఉన్న జాబితా నేనే ఫైలుకు గుచ్చాను. మూడో పేరు. గుమాస్తా పదవి, ఖమ్మంలో. నెలలోగా చేరాలి.

ఆ రోజు నా భార్య సందులో ఇంటింటికీ చక్కెర పంచింది. అన్న నోట్లో కూడా పోశాను. ఒల్లనలేదు.

అన్నను వెంట తీసుకుపోదామనే అనుకున్నాం. ముందు నేనూ అన్నా పోయి రెండు రోజులు ఉండి, ఇల్లు చూసి రావాలని. ఒక ఆదివారం పొద్దున రొట్టెలు, పచ్చడి, అన్న కంచం సంచీలో సర్దుకొని స్టేషన్‌కు వచ్చాం. రైళ్ళంటే అన్నకు సరదా. వంతెన మీద నుంచి చూసి చప్పట్లు కొట్టేవాడు. ప్లాట్‌ఫారం మీద కూడా నవ్వుతూనే ఉన్నాడు. సంచీ పెట్టెలో పెట్టి, నేను మెట్టు ఎక్కి చేయి చాపాను. అన్న చతికిలబడ్డాడు. ఎటో చూస్తూ, మెల్లగా, "ఒల్ల" అన్నాడు.

దిగి బతిమాలాను. చంకల కింద చేతులు వేసి లేపబోయాను. నలభై ఏళ్ళు దాటిన మనిషి, మేకులు కొట్టిన చేతులు, నా వల్ల కాలేదు. ఒక కూలీ మూట దించి చూస్తూ నిలబడ్డాడు. "ఎందుకు పరేషాన్ చేస్తవ్ సార్, ఆయన రానంటుండు గద" అన్నాడు. ఈలోగా రైలు కదిలింది. మా సంచీ ఒక్కటి ఖమ్మం పోయింది.

ఇక రెండో దారి. నేను ఖమ్మంలో ఉండి, వారానికోసారి రావడం. నా భార్య ధైర్యంగానే ఉంది. "నువ్వు పో. నేను సూస్కుంట. ఆకలైతే గాయనే తింటడు" అంది. కానీ నిజంగా చేరిన తర్వాత తినకపోతే? అందుకని ఒక నాటకం ఆడాం. నేను బట్టలు సర్దుకొని అన్న చూస్తుండగా ఇంట్లోంచి బయలుదేరి, నేరేడ్‌మెట్‌లో తోటి ఉద్యోగి ఇంట్లో దిగాను. అక్కడి నుంచే బస్సులో ఆఫీసుకు వచ్చిపోయేవాణ్ణి. మూడు రోజులు తింటే ఇక అలవాటు పడ్డట్టే అని మా లెక్క. మొదటి రోజు కబురు లేదు. రెండో రోజూ లేదు. నాలో ఎక్కడో ఆశ పుట్టింది. ఖమ్మంలో అద్దెలు ఎంత ఉంటాయో ఆ ఊరివాణ్ణి ఒకణ్ణి అడిగాను కూడా.

మూడో రోజు మధ్యాహ్నం మేస్త్రీ ఆఫీసుకు వచ్చాడు. చొక్కా నిండా రంపపు పొట్టు, గేటు దగ్గరే నిలబడ్డాడు.

"మీ అన్న మేకులు ముడ్తలేడు సార్. మూడు దినాలసంది ముద్ద సుత ముట్టలె. బన్ను ఇస్తే పారేసిండు. మీ ఇంటామె నీకు చెప్పొద్దన్నది. నాకు పాణం ఆగక వచ్చిన."

సెలవు కూడా అడగకుండా ఇంటికి పరుగెత్తాను. అన్న గోడ వారగా పడుకొని ఉన్నాడు. పెదవులు పగిలాయి. నన్ను చూసి లేచి కూర్చొని నోరు తెరిచాడు. అంతే. కోపం లేదు, అలక లేదు. నేను పెడుతుంటే ఆబగా తిన్నాడు, నా వేలు కొరుక్కుపోయింది. నా భార్య వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఆమె ముఖంలో కూడా మూడు రోజుల ఆకలి ఉంది.

"ఎందుకొచ్చినవ్?" అంది. "ఇంకొక్క దినం సూస్తే తినేటోడేమో."

తినేవాడేమో. చచ్చిపోయేవాడేమో. ఆ నాలుగో రోజు ఏమయ్యేదో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకునే దారీ లేదు.

తర్వాత నేను నాలుగు పేజీల అర్జీ రాశాను. నాకు వచ్చిన తెలుగంతా అందులో పోశాను. పద్నాలుగేళ్ళ స్టూలు, మూడుసార్లు రాసిన మెట్రిక్, స్టేషన్, నేరేడ్‌మెట్, అన్నీ. ఈ పదవి నాకు కావాలి, పోవాలని ప్రాణం కొట్టుకుంటోంది, పోలేని స్థితిలో ఉన్నాను, ఇక్కడే ఏదైనా ఖాళీ వచ్చే దాకా నా పేరు ఆపి ఉంచండి అని ముగించాను.

మా సూపరింటెండెంటు గారు కోస్తా వైపు క్రైస్తవులు. సికింద్రాబాద్‌లో స్థిరపడి చాలా ఏళ్ళయింది, మాట మాత్రం ఆ వైపుదే. మంచి మనిషి. నాలుగు పేజీలూ చదివారు, మధ్యలో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"మీ అన్న అనే ఆ మాట, ఒల్ల, మా అమ్మ ప్రార్థనలో చదివే బైబిల్లో తప్ప నేను బయట వినలేదయ్యా" అన్నారు. "మీరు అన్నం దగ్గర వాడతారా?"

"అన్నం కాడనే ఎక్కువ సార్."

ఆయన సొరుగు తెరిచి అచ్చు ఫారం ఒకటి తీశారు. పదోన్నతి వచ్చినవాడు చేరతాడో లేదో రాసిచ్చే కాగితం. విల్లింగ్ అని ఒకటి, అన్‌విల్లింగ్ అని ఒకటి.

"ఈ రెండే ఉన్నాయి. వెళ్తావా, వెళ్ళవా."

"వెళ్ళలేను సార్."

"అది మూడోది. మూడోదానికి ఇక్కడ జాగా లేదు."

"నాకు పోవాలని ఉన్నది సార్. అన్‌విల్లింగ్ అంటే పోను అన్నట్టు గద. అది నా మాట కాదు."

"తెలుసయ్యా. ఏం చేస్తావు, ఒల్లనన్నది ఆయన. సంతకం నీది కావాలి. నీ నాలుగు పేజీలూ దీనికి జత చేస్తాను. పైవాళ్ళు చూస్తారు. వచ్చే ఏడాదికి మళ్ళీ వస్తుందిలే."

సంతకం పెట్టాను. నా చేతిరాత చక్కగా ఉంటుందని ఆఫీసులో పేరు. అంత వంకరగా ఎప్పుడూ పెట్టలేదు.

ఆయన నా నాలుగు పేజీలనూ ఆ ఫారానికి గుండుసూదితో గుచ్చి పక్కన పెట్టారు. గుండుసూదితో గుచ్చిన కాగితం ఎన్నాళ్ళు ఉంటుందో ఆ ఆఫీసులో నాకంటే తెలిసినవాడు లేడు. అడ్డదిడ్డంగా లాగితే ఊడుతుంది, వానాకాలం తుప్పు పడితే చిరుగుతుంది. ముఖ్యమైన కాగితాన్ని రంధ్రం వేసి ట్యాగుతో కట్టాలి. పద్నాలుగేళ్ళు అందరి కాగితాలకూ అదే చేశాను. పంచింగ్ మిషను నా బల్ల మీదే ఉంది, దారం నా జేబులో ఉంది. సార్, ఒక్క నిమిషం, కట్టి ఇస్తాను అంటే ఆయన కాదనేవారు కారు. సొంత కాగితం గురించి అలా అడగడం బాగుండదని ఊరుకున్నాను. మొహమాటం. నా బతుకులో ఎన్ని తప్పులు చేసినా, ఇదొక్కటీ తలచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆ సాయంత్రం అన్న మీద అరిచాను. నీ వల్లే అన్నాను, ఇంకా చాలా అన్నాను. నా భార్య వచ్చి నా నోటికి చేయి అడ్డం పెట్టింది. అన్న నా ముఖంలోకి చూస్తూ కూర్చున్నాడు, కాసేపటికి నా చేయి పట్టుకొని కంచంలో పెట్టాడు. రోజూ కంటే ఎక్కువే తిన్నాడు.

జాబితాలో నా వెనక ఉన్నవాడు ఖమ్మం పోయాడు. మరుసటి ఏడాది జాబితాలో నా పేరు అడుగుకు పోయింది. అన్‌విల్లింగ్ ఇచ్చినవాణ్ణి అలాగే వేస్తారట. ఆ పై ఏడాది అసలు లేదు. అడుగుదామంటే, మళ్ళీ వస్తుందిలే అన్న సూపరింటెండెంటు గారు అప్పటికి రిటైరయ్యారు.

నా సంతకం అయిన అయిదో ఏట అన్నకు కామెర్లు వచ్చాయి. సర్కారు దవాఖానలో వార్డులో నేల మీద పరుపు. మొదటి రెండు రోజులూ మందు ఒల్లనన్నాడు, సూది ఒల్లనన్నాడు, నర్సమ్మ విసుక్కుంది. మూడో రోజు నేను చాయ్ తాగి వచ్చేసరికి నర్సమ్మ చెంచాతో మందు పోస్తుంటే నోరు తెరిచి తాగుతున్నాడు. ఆమె సంతోషంగా, "చూడండి, మాట వింటుండు ఇయాల" అంది. ఆ తర్వాత ఎవరు ఏది పెట్టినా తీసుకున్నాడు. నా భార్య చేతి జావ కూడా తాగాడు. ఇన్నేళ్ళకు ఆమె చేతిది తాగాడు, ఆమె కొంగు నోట్లో కుక్కుకొని బయటికి పోయింది. మర్నాడు పొద్దున పోయాడు.

నెల తిరిగాక నేను ఆఫీసులో కొత్త సూపరింటెండెంటు ముందు నిలబడ్డాను. ఇప్పుడు ఎక్కడికైనా పోతాను, ఆదిలాబాద్ అయినా, శ్రీకాకుళం అయినా అని అర్జీ ఇచ్చాను. ఆయన నా సర్వీసు పుస్తకం తెప్పించారు. తెచ్చింది నేనే. ఎర్ర సిరాతో అన్‌విల్లింగ్ అని రాసి ఉంది. దాని వెనక ఫారం ఉంది. ఫారం మూలన రెండు చిన్న తుప్పు మరకలు ఉన్నాయి. నాలుగు పేజీలు లేవు.

"అప్పుడు మీరే కాదన్నారు కదా" అన్నారాయన.

కాదనలేదన్నాను. ఆయన ఎర్ర సిరా మీద వేలు పెట్టి చూపించారు. నేను నాలుగు పేజీల సంగతి చెప్పాను. ఉంటే చూపించమన్నారు. రికార్డు గదిలో మూడు రోజులు వెతికాను, నేను కట్టిన ప్రతి ఫైలూ విప్పాను. అందరి కాగితాలూ ఉన్నాయి. నాల్గో రోజు ఆయన మెత్తగానే చెప్పారు, వయసు కూడా దాటిందని, పుస్తకంలో ఉన్నదాన్ని బట్టే తను పోవాలని. ఆయన తప్పు ఏముంది? పుస్తకంలో ఉన్నది నా సంతకమే.

ఇంకా పదకొండేళ్ళు స్టూలు మీదే కూర్చున్నాను.

రిటైరైన రోజు చిన్న సభ పెట్టారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పారు. పెద్దాఫీసరు నిరుడే వచ్చినవాడు, నా గురించి ఏమీ తెలియదు. ఎవరో పుస్తకం చూసి రాసిచ్చిన కాగితం చూస్తూ మాట్లాడాడు. ప్రమోషన్ కోసం కాళ్ళు పట్టుకునే ఈ రోజుల్లో, ఇస్తామన్నా వద్దన్న మనిషి ఈయన అన్నాడు. ఉన్నదానితో తృప్తి పడిన మనిషి, పై కుర్చీ మీద ఇష్టం లేని మనిషి, ఈయన్ని చూసి నేర్చుకోండి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పక్క స్టూలు మీద పాతికేళ్ళు కూర్చున్నవాడు, అంతా తెలిసినవాడు, వాడు కూడా కొట్టాడు. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు.

ఆ నాలుగు పేజీలూ నాకు కంఠతా వచ్చు. ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పగలను. లేచి నిలబడ్డాను. టీ కప్పులు అప్పటికే వచ్చేస్తున్నాయి. ఆ చిన్నవాడైన ఆఫీసరు నవ్వుతూ, నిజంగానే గౌరవంగా నా వైపు చూస్తున్నాడు. అందరికీ నమస్కారం, మీ అభిమానానికి కృతజ్ఞుణ్ణి అన్నాను. కూర్చున్నాను.

ఇంటికి వచ్చాక నా భార్య శాలువా అంచు వేళ్ళతో నలిపి చూసి, ఏమన్నారని అడిగింది. వాళ్ళు అన్నది అన్నట్టుగా చెప్పాను. ఆమె శాలువాను నాలుగు మడతలు పెట్టింది, మళ్ళీ విప్పి ఇంకోలా పెట్టింది.

"మరి నువ్వేమన్నవ్?" అంది.

"నేనేం అనలె."

ఆమె శాలువా పక్కన పెట్టి, స్టవ్ మీద చాయ్ పొంగుతుంటే లేచి పోయింది.